దొంగ పిలుపు

మా తమ్ముడు అమెరికాలో ఇల్లు కొన్నాడు, ఆ ఏడాదే ఆడపిల్ల పుట్టింది. ఇంకేం, వచ్చి చూసి వెళ్ళమని ఒకటే పోరు. ఆవకాయ జాడీ, సున్నిపిండి, పాపకి వెండి గిన్నె పట్టుకుని 2023 ఏప్రిల్‌లో బయల్దేరాను. ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ నగరం శివారు వాళ్ళది. ఇంటి వెనక పచ్చగడ్డి, గడ్డి దాటితే చిన్న వాగు, వాగు దాటితే చెట్లు. “అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందే!” అన్నాను మా మరదలితో. ఆ రాత్రే నా ప్రశాంతత కాస్తా వదిలింది.

పన్నెండు దాటాక మొదలైంది. ముందు కుక్క మొరిగినట్టు రెండు మూడు పొట్టి మొరుగులు. తర్వాత సన్నగా సాగదీసిన ఊళ. దాని వెంటనే గొంతులన్నీ కలగాపులగమై ఒకటే కీచులాట. పాతిక జంతువులు పెరట్లోకి దిగాయనుకుని దుప్పటి మెడదాకా లాక్కుని కూర్చున్నాను. మా మరదలు నిద్రకళ్ళతో వచ్చి కిటికీ మూసింది.

“కయోటీలు వదినా. మన నక్కల్లాంటివే. గోల అంత ఉంటుంది గానీ ఉండేవి రెండో మూడో. పడుకోండి.”

చెరుకుతోటల్లోంచి నక్కల ఊళలు వింటూ పెరిగినదాన్ని, నాకు నేనే సిగ్గుపడ్డాను. అయినా నక్క అంటే మనకి భయంకన్న చులకన ఎక్కువ. నక్కవినయాలంటాం, నక్కజిత్తులంటాం. ఎవరికైనా అదృష్టం కలిసొస్తే మాత్రం నక్కతోక తొక్కొచ్చాడంటాం. తోక తొక్కించుకున్న నక్క ఏమనుకుందో ఇంతవరకూ ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

పక్కింట్లో ఒక పెద్దాయన ఉండేవాడు. డెబ్బై దాటిన మనిషి. బడిలో పిల్లలకి వడ్రంగం నేర్పి రిటైరయ్యాడట. భార్య పోయింది. మా మరదలు గారెలు వండితే ఆయనకి నాలుగు పంపిస్తుంది. ఆయన ఖాళీ పళ్ళెం తిరిగివ్వడానికి వచ్చి వెనకవైపు చెక్క అరుగు మీద గంటసేపు కూర్చుని వెళతాడు. ఆయన వేటగాడని మూడో రోజున తెలిసింది. రాత్రి నేను హడలిపోయిన సంగతి మా తమ్ముడు చెబితే నవ్వి, “నా మీద ఒకసారి కయోటీ దాడి చేసింది తెలుసా?” అన్నాడు.

ఆ కథ ఇదీ. అక్కడ వసంతకాలంలో అడవి టర్కీకోళ్ళ వేట ఉంటుంది. వేటగాడు తెల్లవారకముందే వెళ్ళి, చెట్టుకి వీపు ఆనించి, ఆకుల రంగు బట్టలు, ఆకుల రంగు టోపీ, ముఖానికి కూడా అదే రంగు ముసుగు వేసుకుని కదలకుండా కూర్చుంటాడు. చేతిలో ఒక గుండ్రటి చిన్న పలక, దానిమీద రుద్దడానికి ఒక పుల్ల. ఒడుపుగా రుద్దితే అచ్చం పెట్ట పిలిచినట్టు ఉంటుందిట. పెళ్ళాం పిలుస్తోందనుకుని పుంజుగారు ఈకలు విప్పుకుని బదులు పలుకుతూ వస్తాడు. తర్వాత సంగతి చెప్పక్కర్లేదు.

ఆ రోజు దూరాన పుంజు బదులు పలికింది. ఈయన ఆశగా మళ్ళీ రుద్దాడు. వెనక ఎండుటాకులు సర్రుమన్నాయి. తల తిప్పేలోగా భుజం మీద ధబ్బున బరువు పడింది. కోటు చెయ్యి చిరిగింది. ఈయన పెట్టిన కేకకి ఆ కయోటీ గాల్లోనే మెలితిరిగి కిందపడి, వెనక్కి చూడకుండా చెట్లలోకి ఉడాయించింది.

“దాని మొహం నువ్వు చూడాల్సింది. నాకంటే అదే ఎక్కువ జడుసుకుంది” అన్నాడు. అందరం నవ్వాం. నవ్వాక నాకొక సందేహం వచ్చింది. నా బి.ఏ. ఇంగ్లీషుని కూడదీసుకుని అడిగాను, “మరి అది మీ మీద దాడి చేసినట్టా, మీరు పిలిచిన పెట్ట మీదా?”

ఆయన కాసేపు ఆలోచించాడు. “పెట్ట మీదే” అని ఒప్పుకున్నాడు.

ఈ కయోటీ ఏమంత భారీ జంతువు కాదు. మన నక్కకంటే కొంచెం పెద్దది, తోడేలుకంటే బాగా చిన్నది. ఇరవై కిలోలుంటే గొప్ప. ఒకప్పుడు అమెరికా పడమటి మైదానాల్లో ఉండేది. తోడేళ్ళని మట్టుబెట్టి, అడవులు కొట్టి మనుషులే దారి చేసిచ్చారు. ఇప్పుడు ఒక్క హవాయి తప్ప ఆ దేశంలో అది లేని రాష్ట్రం లేదు. చాలా రాష్ట్రాల్లో ఏడాది పొడవునా దాన్ని వేటాడవచ్చు. ఇది కాక ప్రభుత్వ శాఖవాళ్ళే 2019లో దాదాపు 62 వేలు చంపారు. ఇంత చంపినా మహానగరాల నడిబొడ్డున కూడా కాపురాలు పెట్టేసింది.

కాపురమంటే నిజంగా కాపురమే. చికాగో నగరంలో 236 కయోటీల రక్తం పరీక్షించి చూసిన శాస్త్రజ్ఞులు 2012లో ఒక సంగతి ప్రకటించారు. ఆ జంటల్లో ఒక్కటైనా గడప దాటిన దాఖలా కనిపించలేదు. ఆడదీ మగదీ బతికున్నంతకాలం కలిసుంటాయి. పిల్లలు పుడితే మగదే వేటాడి తెచ్చి బాలింతకి పెడుతుంది. ఇది చదివి వినిపిస్తే మా మరదలు మా తమ్ముడి వంక ఒక చూపు చూసింది. వాడు పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

అలాగని అదేమీ సాధుజంతువని చెప్పబోవడం లేదు. 1981లో కాలిఫోర్నియాలో ఒక మూడేళ్ళ పాపని, 2009లో కెనడాలోని కేప్ బ్రెటన్ కొండల్లో ఒంటరిగా నడుస్తున్న పంతొమ్మిదేళ్ళ గాయనిని కయోటీలు పొట్టన పెట్టుకున్నాయి. నమోదైన మరణాలు ఈ రెండే. రెండే అని మనం అంటాం, కన్నవాళ్ళకి ఆ మాట పనికిరాదు. ఆ కొండల్లో చిన్న జంతువులు సరిగా దొరక్క కయోటీలు దున్నంతేసి మూస్ దుప్పుల్ని తినడం మరిగాయని, అందుకే మనిషిని చూసీ జంకలేదని 2022లో పరిశోధకులు తేల్చారు. ఎదురుపడితే పరుగెత్తకూడదట. చేతులెత్తి పెద్దగా కనబడుతూ, చప్పుడు చేస్తూ వెనక్కి నడవాలట. అందుకే మా మరదలు పెరట్లోకి వెళ్ళినప్పుడల్లా స్టీలు పళ్ళెం, గరిటె పట్టుకెళుతుంది. తెలుగింటి ఆయుధం.

చెప్పొచ్చేదేమిటంటే, ఆ పెద్దాయన కథ అక్కడితో ఆగలేదు. టర్కీ వేటలో కయోటీ రావడం ప్రమాదవశాత్తూ జరిగింది. కావాలని కయోటీనే పిలిచే వేట వేరే ఉంది. వేటగాడికి కొంత దూరంలో ఒక చిన్న శబ్దయంత్రం పెడతారు. అందులోంచి గాయపడ్డ కుందేలు ఆర్తనాదం వస్తుంది. కయోటీ తెలివైనది కదా, సూటిగా రాదు. గాలివాలుగా చుట్టుతిరిగి మనిషి వాసన ఉందేమో చూసుకుంటుంది. వాసన తగలకపోతే మాత్రం మోకాళ్ళ దాకా వచ్చేస్తుందిట. అలాంటి అనుభవాలు ఆయన స్నేహితులకి బోలెడు. ఒకతని బూటు దగ్గరికొచ్చి గుర్రుమందిట.

“ఇంకో శబ్దం ఉంది” అన్నాడు ఆయన. “వసంతం చివర్లో, పిల్లలు పుట్టాక పెడతారు. కయోటీ పిల్ల దెబ్బ తగిలి ఏడ్చినట్టుంటుంది. అది వినిపిస్తే తల్లిదండ్రులకి ఒళ్ళు తెలియదు. జుట్టు నిక్కబొడుచుకుని, పళ్ళు బయటపెట్టి ఉరికొస్తాయి. గాలీ చూసుకోవు, వాసనా చూసుకోవు. వాటి కోపం అప్పుడు చూడాలి!”

అంటూనే జేబులోంచి ఫోను తీసి ఆ శబ్దం వినిపించాడు. అర నిమిషం కూడా లేదు. సన్నగా, తెగి తెగి, ఊపిరి అందనట్టు. నా వేళ్ళు కాఫీ కప్పు చుట్టూ బిగుసుకున్నాయి.

లోపల గిన్నె ఏదో పడ్డ చప్పుడైంది. పిండి చేతులతో మా మరదలు తలుపు తోసుకుని వచ్చింది. జుట్టు ముడి ఊడిపోయింది. “పాప లేచిందా వదినా? పడిందా?” అని అరిచింది. పాప నా పక్కనే ఊయల తొట్టెలో హాయిగా నిద్రపోతోంది.

పెద్దాయన గబుక్కున ఫోను ఆపేశాడు. మొహం ఎర్రబడింది. “సారీ” అన్నాడు. మా మరదలు పాపని చూసుకుని, మమ్మల్నిద్దర్నీ కోపంగా చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత ఆయన నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ఆయన స్నేహితుడికి గొర్రెల మంద ఉంది. వసంతంలో ఈనిన గొర్రెపిల్లల్ని కయోటీలు ఎత్తుకుపోతాయి. తన పిల్లలకి పెట్టుకోవడానికే ఎత్తుకుపోతుంది, అదీ నిజమే. అతని పిల్లల చదువులూ ఆ గొర్రెల మీదనే నడవాలి, అదీ నిజమే. నేను తల ఊపాను. పొద్దున కోడికూర తిన్న నోటితో వేట పాపమని ఆయనకి నీతులు చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. గొర్రెల కాపరి తన మందని కాచుకోవద్దని ఎవరంటారు?

కానీ నా మనసులో వేరే ముల్లు కదిలింది. చంపడం సంగతి అలా ఉంచండి. మాట సంగతి చూడండి. పిల్ల ఏడుపు సృష్టించింది మనం. పొదచాటున కూర్చున్నది మనం. పరుగెత్తుకొచ్చిన తల్లికి మనం పెట్టిన పేరేమిటి? “దాడి చేసే జంతువు.” అది బయల్దేరినప్పుడు తల్లి. మన ముందుకొచ్చేసరికి దౌర్జన్యకారి. దారిలో అది మారిందా, మనం దాని పేరు మార్చామా?

మనకిది కొత్త కాదు. పురాణకాలక్షేపంలో ఎన్నిసార్లు వినలేదు! మారీచుడు చచ్చిపోతూ రాముడి గొంతుతో కేక పెట్టాడు. సీతమ్మ తల్లడిల్లి, కదలని లక్ష్మణుణ్ణి అనరాని మాటలంది. మా అమ్మమ్మ పక్కన కూర్చున్న ఆడవాళ్ళంతా ఆ ఘట్టం రాగానే నిట్టూర్చేవాళ్ళు, “ఎంత మాట అంది తల్లీ, అనకుండా ఉండాల్సింది” అని. సీత నోటి దురుసు అందరికీ గుర్తు. మారీచుడి గొంతు గురించి నిట్టూర్చినవాళ్ళు నాకు జ్ఞాపకం లేరు. దొంగ పిలుపులో ఉన్న తమాషా ఇదే. పిలిచినవాడు పొద చాటున ఉండిపోతాడు. వచ్చినవాళ్ళ పళ్ళే లోకానికి కనబడతాయి.

ఇంతా ఎందుకు రాస్తున్నానంటే, ఒకసారి ఆ పలకా పుల్లా నా చేతిలోనూ ఉన్నాయి.

2001లో. నాకు ఇరవై దాటాయి. మా పిన్ని కూతురు నాకంటే రెండేళ్ళు చిన్నది, హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. తన క్లాసులో అబ్బాయిని పెళ్ళి చేసుకుంటానని ఇంటికి ఉత్తరం రాసింది. కులం వేరు. ఇంట్లో పిడుగు పడ్డట్టయింది. పెద్దవాళ్ళంతా కూర్చుని ఆలోచించారు. రమ్మంటే రాదు. వెళ్ళి లాక్కొస్తే నలుగురిలో అల్లరి. చివరికి మా మేనమామ నావైపు తిరిగాడు. “నువ్వు చెయ్యవే ఫోను. మేం చెప్తే నమ్మదు. నువ్వంటే దానికి ప్రాణం, నువ్వు చెబితే నమ్ముతుంది.”

చేశాను. ఏమీ ఆలోచించలేదని ఇప్పుడు చెప్పడం సులువు. ఆలోచించే చేశాను. దాని మంచికే అనుకున్నాను. “అమ్మకి గుండెనొప్పి వచ్చిందే, ఆసుపత్రిలో ఉంది, నీ పేరే కలవరిస్తోంది” అన్నాను. గొంతులో ఏడుపు కూడా పలికించాను. అవతల రిసీవరు పెట్టేసిన చప్పుడు కూడా సరిగా వినబడలేదు, అంత తొందరగా పరుగెత్తింది.

తెల్లవారుజామున బస్సు దిగి, చెప్పుల జతలో ఒకటి తెగిపోతే రెండూ చేత్తో పట్టుకుని గుమ్మంలోకొచ్చింది. పిన్ని వంటింట్లో పాలు కాస్తోంది. కూతుర్ని చూసి తల దించుకుంది. పిల్ల ఒక్క క్షణం తల్లిని కావలించుకుని ఏడ్చింది. బతికే ఉందన్న ఆనందంతో. ఆ తర్వాత అర్థమైంది. అర్థమయ్యాక పాలగిన్నె ఎత్తి గోడకేసి కొట్టింది. తలుపు గడియ వెయ్యబోయిన మావయ్య మణికట్టు పట్టుకుని రక్తం వచ్చేలా కరిచింది.

ఆ కాటు మా బంధువుల్లో ఏళ్ళ తరబడి తిరిగింది. “అది మనిషి కాదమ్మా, మీద పడి కరుస్తుంది” అన్నారు. “అంత కోపమున్న పిల్ల ఏ ఇంట నిలుస్తుంది?” అన్నారు. పిన్నికి గుండెనొప్పి లేదన్న సంగతి ఎవరూ చెప్పుకోలేదు. ఫోను చేసిన గొంతు ఎవరిదో అసలే చెప్పుకోలేదు. నన్నైతే మెచ్చుకున్నారు, కుటుంబం పరువు కాపాడానని.

ఆ పెళ్ళి ఆగిపోయింది. అది పంతం పట్టి చదువు పూర్తిచేసి, విశాఖలో ఉద్యోగం చూసుకుని, ఏడేళ్ళ తర్వాత తనకి నచ్చినవాణ్ణి రిజిస్టరాఫీసులో పెళ్ళి చేసుకుంది. మమ్మల్నెవర్నీ పిలవలేదు.

ఒహాయోలో ఆ పెద్దాయన మాటల మధ్యలో మరొకటి చెప్పాడు. దొంగ పిలుపుకి ఒకసారి వచ్చి, గురి తప్పి బతికిపోయిన కయోటీని అక్కడి వేటగాళ్ళు “చదువుకున్న కయోటీ” అంటారట. అది మళ్ళీ ఆ పిలుపుకి రాదు. ఎంత మెషీను పెట్టినా దూరాన నిలబడి వింటుందంతే. ఆయన ఇది గొప్ప చమత్కారంలా చెప్పాడు. నేను నవ్వలేకపోయాను.

2014లో పిన్నికి నిజంగానే గుండెనొప్పి వచ్చింది. అర్ధరాత్రి ఆసుపత్రి వరండాలోంచి నేనే ఫోను చేశాను. నా చెల్లెలు అంతా విని, కాసేపు ఊరుకుని, “నిజమేనా అక్కా?” అంది. “ఒట్టే” అన్నాను. “సరే, చూస్తాను” అంది. రాత్రికి రాత్రి బయల్దేరలేదు. ఇంటి నంబరుకి ఫోను చేసి చూసుకుందట. మేమంతా ఆసుపత్రిలో ఉన్నాం, ఎవరెత్తుతారు? అది పొద్దున రైలెక్కి సాయంత్రానికి వచ్చింది. పిన్ని మధ్యాహ్నమే పోయింది.

నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

“నాన్నా పులి” కథ మనందరికీ తెలుసు. అబద్ధపు కేకలు వేసిన పిల్లవాణ్ణే చివరికి పులి ఎత్తుకుపోతుంది. చిన్నపిల్లలకి చెప్పుకునే కథ గనక అందులో న్యాయం జరుగుతుంది. బతుకులో అలా జరగదు. అబద్ధపు కేక వేసింది నేను. నిజంగా పిలిచినప్పుడు కూతురు అందక కళ్ళు మూసింది పిన్ని. దొంగ పిలుపు ఖర్చు పిలిచినవాళ్ళు కట్టరు, నిజంగా అవసరమొచ్చినవాళ్ళెవరో కడతారు.

“అయితే అబద్ధమే ఆడకూడదా?” అని మీరడగొచ్చు. అలా అంటే మనం సంసారం చెయ్యగలమా? ఇదే ఆఖరి ముద్ద అని పిల్లకి పది ముద్దలు పెడతాం. కళ్ళముందు కరిగిపోతున్న రోగితో మొహం తేటగా ఉందంటాం. చేపని గాలానికి ఎరవేసి పట్టడం కూడా మోసమే. నేనెంత ఆలోచించినా నాకు తేడా ఒక్కచోటే కనిపించింది. ఎర చూపిస్తే ఆకలి వస్తుంది. ఆకలికి అనుమానం ఉంటుంది, అది చుట్టు తిరిగి, గాలి చూసుకుని వస్తుంది. దానికి తప్పించుకునే సందు ఉంది. ఏడుపు వినిపిస్తే వచ్చేది ప్రేమ. ప్రేమ గాలి చూసుకోదు. చెప్పులు తెగినా చూసుకోదు. తననితాను కాచుకునే తెలివిని ఇంట్లో వదిలేసి వస్తుంది గనకే దాన్ని పట్టడం అంత తేలిక. మనిషిలో గానీ మృగంలో గానీ ఉన్నవాటిల్లో అన్నిటికంటే మంచి గుణాన్నే ఉచ్చుగా వాడుకుని, ఆ తర్వాత పళ్ళు చూపించిందని దాని మీదే నేరం మోపడం, ఇదీ నాకు మింగుడుపడనిది.

కనక ఎవరైనా మీద పడి కరిచారని విన్నప్పుడు నేనిప్పుడు ఒక ప్రశ్న వేసుకుంటున్నాను. కోడలు కేకలేసిందని, కొడుకు తలుపు ధడాలున వేశాడని, పనిమనిషి ఎదురుతిరిగిందని రోజూ వింటూనే ఉంటాం. కరిచినవాళ్ళది తప్పులేదని కాదు. మావయ్య చేతిమీద మచ్చ పోయేదాకా ఉంది. కానీ అంతకుముందు అక్కడ ఏ శబ్దం వినిపించింది? దాన్ని వినిపించిందెవరు? పొద చాటున ఉన్నవాళ్ళని కూడా ఒకసారి చూడొద్దూ?

నేను తిరిగి వచ్చేముందు ఆ పెద్దాయన వీడ్కోలు చెప్పడానికి వచ్చాడు. ఆ శబ్దం మళ్ళీ మా దగ్గర ఎప్పుడూ పెట్టలేదు. పొదల్లో పెడతాడో లేదో నేనడగలేదు.

ఇండియా వచ్చాక చెల్లెలికి ఫోను చేశాను. నా పేరు కనిపించగానే అది ఎత్తి ఊపిరి బిగబట్టుకుంటుంది, నాకు తెలుసు. అందుకే ఈ పదేళ్ళుగా “హలో” కూడా అనకుండా మొదట ఒకే మాట అంటాను, “ఏం లేదే, ఊరికే చేశా.” అవతల ఊపిరి వదలడం వినబడుతుంది. అప్పుడు కబుర్లు మొదలవుతాయి.

ఆ రోజు పెద్దాయన భుజం మీదికి దూకిన కయోటీ కథ చెప్పాను. పిల్ల ఏడుపు సంగతి చెప్పడానికి నోరు రాలేదు. అయినా అది తెలివైనది, ఎంత అర్థం చేసుకుందో ఏమో. అంతా విని, “తర్వాత ఏమైందక్కా, ఆ నక్క?” అంది.

“పారిపోయిందిటే.”

“పోనీలే” అంది.